కారు ఏసీ చల్లబడటం లేదా? గ్యాస్ మీద నెపం వేసే ముందు ఇవి చూడండి

ఎండాకాలం దాళ్వా (రెండో పంట) వరి కోతలు మొదలయ్యాయంటే మా షెడ్డు ముందు కార్లు వరస కడతాయి. భీమవరం నుంచి వచ్చినా, ఆచంట నుంచి వచ్చినా దిగుతూనే ఒకటే మాట: "గ్యాస్ అయిపోయినట్టుందండీ, కాస్త కొట్టెయ్యండి." పెట్రోలు అయిపోయిందన్నంత తేలిగ్గా అనేస్తారు.

అపోహ: ఏసీ గ్యాస్ ఏటా కొట్టించాలి.

వాస్తవం: అది ఖర్చయిపోయే సరుకు కాదండి. కంప్రెసర్ నొక్కి పంపిన గ్యాస్, బండి ముందు భాగంలో ఉండే కండెన్సర్‌లో వేడి వదిలేసి ద్రవమవుతుంది. డాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్లో ఆవిరవుతూ కారులోని వేడిని లాగేసి, తిరిగి కంప్రెసర్‌కే చేరుతుంది. గొట్టాలు, సీళ్ల దగ్గర ఏళ్ల మీద కొద్దికొద్దిగా పోవడం మామూలే. నిరుడు కొట్టించింది ఈ ఏడు లేదంటే మాత్రం ఎక్కడో లీకుంది. ముందు దాన్ని పట్టుకోవాలి. గ్యాస్‌తోపాటు కంప్రెసర్ ఆయిలు కూడా తిరుగుతుంది కాబట్టి, లీకున్న చోట జిడ్డు కట్టి, దాని మీద దుమ్ము పేరుకుని నల్లగా కనిపిస్తుంది. నరసాపురం, అంతర్వేది వైపు బండ్లయితే నా చూపు ముందు కండెన్సర్ మీదకే పోతుంది. ఉప్పుగాలికి అల్యూమినియం తినేస్తుంది.

అపోహ: గేజి పెడితే గ్యాస్ ఎంతుందో తెలిసిపోతుంది.

వాస్తవం: ఈ మాట మా మెకానిక్‌లే ఎక్కువ చెబుతారు. గేజి చూపేది ప్రెషర్, బరువు కాదు. 35 డిగ్రీల వేడిలో ఏసీ ఆపి పెట్టిన బండిలో ఆర్-134ఎ (కారు ఏసీల్లో ఎక్కువగా వాడే రకం) గ్యాస్ ఉంటే గేజి ముల్లు 115 పీఎస్‌ఐ దగ్గర నిలబడుతుంది. నిండుగా ఉన్నా అంతే, సగమే ఉన్నా అంతే. వంటింట్లో గ్యాస్ బండ చూడండి, అయిపోయే ముందు దాకా మంట ఒకేలా ఉంటుంది కదా. అందుకే ఉన్న గ్యాస్ మొత్తం తీసి, అరగంటైనా వాక్యూమ్ పట్టి (పంపుతో లోపలి గాలి, తేమ లాగేసి), బానెట్ కింద స్టిక్కర్ మీద రాసినన్ని గ్రాములే తూచి ఎక్కించాలి. చిన్న కార్లకు చాలావరకు అర కిలోకి అటూ ఇటూ. "ఇంకాస్త వెయ్యండి, బాగా కూలవ్వాలి" అని అడిగేవాళ్లకు ఒక్కటే చెబుతాను: ఎక్కువైతే ప్రెషర్ పెరిగి ఉన్న కూలింగ్ కూడా పోతుంది.

పోయిన వేసవిలో ఒక రైతు వచ్చారు. రెండు నెలల్లో రెండుసార్లు వేరేచోట గ్యాస్ కొట్టించారట. రోడ్డు మీద పోతుంటే చల్లగానే ఉంటుంది, రైల్వే గేటు దగ్గర ఆగితే చాలు ఉక్కపోతే. ఇలా చెబితే నేను గ్యాస్ సంగతి తర్వాత చూస్తాను. బండి కదిలితే ఎదురుగాలి కండెన్సర్‌ని చల్లబరుస్తుంది, ఆగితే ఫ్యానే దిక్కు. ఫ్యాన్ తిరుగుతోంది. కండెన్సర్ ముందు వైపు శుభ్రంగా ఉంది. టార్చి వేసి దానికీ రేడియేటర్‌కీ మధ్య సందులో చూస్తే అసలు సంగతి బయటపడింది. తాలు, గడ్డి ముక్కలు, కోత మిషన్ ధూళి కలిసి గోనెపట్టాలా అతుక్కుపోయాయి. విప్పి, పైపు నీళ్లతో నెమ్మదిగా కడిగితే అర బేసిన్ చెత్త వచ్చింది. (వాటర్ సర్వీసింగ్ పంపు దగ్గరగా పెట్టి కొట్టకండి, రేకులు మడతపడిపోతాయి.) తర్వాత గ్యాస్ తీసి తూచాం. స్టిక్కర్ మీదున్న దానికంటే 150 గ్రాములు ఎక్కువ! అది తగ్గించాక, బండి ఆగి ఉండగానే ఏసీ గాలి దగ్గర థర్మామీటర్ 19 నుంచి 10కి దిగింది.

అపోహ: గాలి తక్కువగా వస్తే గ్యాస్ తక్కువైనట్టు.

వాస్తవం: గాలి తోసేది బ్లోయర్. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనక ఆ గాలిని వడగట్టే క్యాబిన్ ఫిల్టర్ ఉంటుంది, తీసి చూడండి. మా పొలాల పక్కన పెట్టే బండ్లలో ఎలుకలు తెచ్చిన వరిగడ్డి కూడా దొరుకుతుంది. మొదట బాగా వచ్చి గంట ప్రయాణం తర్వాత తగ్గితే మాత్రం కాయిల్ మీద మంచు కట్టిందేమో అనుమానించాలి. ఏసీ ఆపి పావుగంట బ్లోయర్ మాత్రం నడిపితే కరిగి మళ్లీ గాలి వస్తుంది. అప్పుడు కాయిల్ చల్లదనం కనిపెట్టే సెన్సారో, గ్యాసో చూపించుకోవాలి.

అపోహ: కారు కింద నీళ్లు కారితే ఏసీ పాడైనట్టు.

వాస్తవం: డెల్టా గాలిలో తేమ అంత మరి! కారాల్సిందే. ఆ నీళ్లు లోపల కాళ్ల కింద చేరితేనే డ్రెయిన్ పైపు పూడిందని అర్థం. ఎండలో నిలిపిన బండికి ముందు అద్దాలు దించి వేడి పోనిచ్చి, ఆపైన లోపలి గాలే తిరిగే బటన్ నొక్కండి. బయటి తేమ గాలి లాగుతూ ఉంటే ఏ ఏసీ అయినా ఆయాసపడుతుంది.

అపోహ: వంట గ్యాస్ ఎక్కించినా పనైపోతుంది, చవక కూడా.

వాస్తవం: చల్లబడుతుంది, అది నిజమే. కానీ కూలింగ్ కాయిల్ ఉండేది మీ మోకాళ్ల ముందు, డాష్‌బోర్డులో. అది లీకైతే గ్యాస్ నిండేది పిల్లలు కూర్చున్న చోట. అలాంటి బండిని నేను షెడ్డులోకే రానివ్వను.