పద్నాలుగు జట్లు మారిన పిచర్: అపోహలు - వాస్తవాలు

నేను అమెరికాలో బేస్‌బాల్ మైనర్ లీగ్‌లో ఫిజియోని. మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కింద ఉండే ట్రిపుల్-ఏ స్థాయి మాది. ఏటా జట్టు మారుతూ తిరిగే పిచర్లను (క్రికెట్‌లో బౌలర్‌లా బ్యాటర్‌కు బంతి విసిరేవాళ్లు) ఇక్కడ జర్నీమ్యాన్ అంటారు. క్రికెట్ చూసి పెరిగిన మనవాళ్లు వీళ్ల గురించి అడిగే ప్రశ్నల్లో కొన్ని అపోహలు మళ్లీ మళ్లీ కనిపిస్తుంటాయి.

అపోహ: ఇన్ని జట్లు మారాడంటే ఆట రానట్టే.

వాస్తవం: ఎడ్విన్ జాక్సన్ 2003 నుంచి 2019 వరకు 14 మేజర్ లీగ్ జట్లకు ఆడాడు. 2010లో అరిజోనా తరఫున టాంపా బేకి ఒక్క హిట్ (బ్యాటర్ బంతిని కొట్టి బేస్ చేరడం) కూడా ఇవ్వకుండా మ్యాచ్ ముగించాడు. ఎనిమిది వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు పడితే బ్యాటర్‌కు ఊరికే దక్కే మొదటి బేస్) ఇచ్చాడు, 149 బంతులు వేశాడు. (ఇప్పుడైతే వంద చుట్టుపక్కలకు రాగానే మేనేజర్ దిగొచ్చి బంతి తీసేసుకుంటాడు.) 2011లో ఒకే రోజు వైట్ సాక్స్ నుంచి బ్లూ జేస్‌కు, అక్కడి నుంచి కార్డినల్స్‌కు ట్రేడ్ అయ్యాడు, అంటే జట్లు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకున్నాయి. ఆ ఏడాది వరల్డ్ సిరీస్, అంటే మేజర్ లీగ్ టైటిల్, కార్డినల్స్‌దే.

పిచర్లను ఇలా జట్లు తిప్పేది చాలాసార్లు నిబంధనలే. మేజర్ లీగ్ జట్టు ఉంచుకునే 40 మంది జాబితాలో ఉన్న కుర్రాణ్ని సాధారణంగా మూడు సీజన్ల పాటు జట్టు తనకు కావాల్సినప్పుడు కింది లీగ్‌కు పంపి, మళ్లీ పిలుచుకోవచ్చు. వీటిని ఆప్షన్స్ అంటారు. అవి అయిపోయాక కిందికి పంపాలంటే ముందు వేవర్స్‌లో పెట్టాలి, అంటే మిగతా 29 జట్లలో ఎవరైనా ఎగరేసుకుపోవచ్చు. కాబట్టి కుర్ర పిచర్ కిందికీ పైకీ తిరుగుతాడు, ముదురు పిచర్ ఊళ్లు తిరుగుతాడు. ఎవరికీ అక్కర్లేనివాడు ఎక్కడికీ తిరగడు, ఇంటికెళ్తాడు.

అపోహ: బేస్‌బాల్ ప్లేయరా? కోట్లే కోట్లు!

వాస్తవం: పైన, అంటే మేజర్ లీగ్‌లో, ఉన్నన్ని రోజులే. 2025లో మేజర్ లీగ్ కనీస జీతం సీజన్‌కు 7,60,000 డాలర్లు, లెక్కేస్తే రోజుకు దాదాపు 4,000. అదే ట్రిపుల్-ఏలో 2023 ఒప్పందం ప్రకారం కనీసం ఏడాదికి 35,800. పైన 43 రోజులు పూర్తయితే పెన్షన్‌కు అర్హత వస్తుంది. 40 ఏళ్లకు దగ్గరగా ఉన్నవాడు వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంటుంటే నవ్వాలనిపించదు.

అపోహ: మోచేతి ఆపరేషన్ చేయించుకుంటే బంతి ఇంకా వేగంగా వెళ్తుంది.

వాస్తవం: పిల్లల తల్లిదండ్రులు కూడా ఇది నమ్ముతారు, నాకు ఒళ్లు మండుతుంది. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి ఈ ఆపరేషన్ చేసింది పిచర్ టామీ జాన్‌కు. తెగిన లిగమెంట్ స్థానంలో వేరేచోటి స్నాయువును అమరుస్తారు. జాన్ 1976లో తిరిగొచ్చి 1989 దాకా ఆడాడు. కొందరికి తర్వాత వేగం పెరిగితే, అందులో ఏడాదికి పైగా చేసిన కాళ్లు, నడుము, భుజం కసరత్తుల వాటా పెద్దది. తిరిగి రానివాళ్లూ ఉంటారు, వాళ్ల పేర్లు మనకు వినిపించవు.

కొత్త పిచర్ రాగానే బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోచేయి 90 డిగ్రీలు వంచి, ముంజేతిని వెనక్కి వాల్చి భుజం ఎంత తిరుగుతుందో కొలుస్తాను. విసిరే చెయ్యి రెండోదానికంటే వెనక్కి ఎక్కువ వాలుతుంది, ముందుకు తక్కువ వంగుతుంది. జబ్బేమీ కాదు, ఎదిగే వయసులో విసిరి విసిరి పై చేతి ఎముకే కాస్త మెలితిరిగి పెరుగుతుంది. వెనక్కీ ముందుకీ కలిపిన మొత్తం రెండు చేతులకూ దాదాపు సమానంగా ఉందా అన్నదే నేను చూస్తాను. తేడా బాగా ఉంటే ఆ రోజు బంతి ఇవ్వం.

అపోహ: 35 దాటితే కథ అయిపోయినట్టే.

వాస్తవం: రిచ్ హిల్ 2015లో లాంగ్ ఐలాండ్‌లో, మేజర్ లీగ్‌తో సంబంధం లేని జట్టుకు ఆడాడు. అదే సెప్టెంబర్‌లో రెడ్ సాక్స్ తరఫున నాలుగు మ్యాచ్‌లలో మొదటి నుంచి బంతి వేశాడు. 2016 చివర్లో, 36 ఏళ్ల వయసులో, డాడ్జర్స్ అతనికి మూడేళ్లకు 4.8 కోట్ల డాలర్లు ఇచ్చింది. కర్వ్‌బాల్ (గాల్లో వంపు తిరిగి కిందికి దిగే బంతి) ఎక్కువగా వేయడమే అతను చేసిన పెద్ద మార్పు. 2025లో 45 ఏళ్లకు కాన్సాస్ సిటీ తరఫున దిగి, 14 జట్ల లెక్కలో జాక్సన్‌ను అందుకున్నాడు.