ఆస్పత్రిలో లేచిన చేయి ఇంట్లో లేస్తుందా?

పక్షవాతం వచ్చి కొన్ని నెలలైన మనిషిని పరీక్ష కోసం బల్ల ముందు కూర్చోబెట్టి, ఒక చెక్క దిమ్మెను ఎత్తి అరమీద పెట్టమంటారు, ఒక గ్లాసులోని నీళ్ళను మరో గ్లాసులోకి వంపమంటారు, అరచేతిని తల వెనక్కి తీసుకెళ్ళమంటారు. యాక్షన్ రీసెర్చ్ ఆర్మ్ టెస్ట్ అనే ఈ పరీక్ష 1981 నుంచి వాడుకలో ఉంది. ఇందులో 19 పనులకు మొత్తం 57 మార్కులు. మొదటిసారి 20 వచ్చిన చోట ఇప్పుడు 40 వస్తే ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. అయితే అదే మనిషి ఇంటికి చేరాక ఆ చేతిని ఒడిలో పెట్టుకుని, తలుపు గడియ తీయడానికీ, మంచినీళ్ళ చెంబు అందుకోవడానికీ రెండో చేతినే చాపుతూ ఉంటే, చేయి ఎంత కోలుకున్నట్టు?

ఈ రెండింటికీ తేడా ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో వెలువరించిన వర్గీకరణ స్పష్టంగానే చెప్పింది. అనుకూలమైన చోట, అడిగినప్పుడు మనిషి చేయగలిగినది సామర్థ్యం. తన ఇంట్లో, తన రోజులో నిజంగా చేసేది ఆచరణ. చాలాకాలం వైద్యులు మొదటిదాన్ని కొలిచి, రెండోది దాని వెంట వస్తుందని నమ్మారు.

అలా రాకపోవడానికి ఒక కారణాన్ని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టాబ్ కోతుల మీద చేసిన ప్రయోగాలలో గుర్తించారు. ఒక చేతి నుంచి స్పర్శను మోసుకొచ్చే నరాలను తెంచినప్పుడు, కండరాలను కదిలించే నరాలు చెక్కుచెదరకపోయినా, కోతి ఆ చేతిని వాడడం మానేసింది. మంచి చేతిని కట్టేస్తే మాత్రం మళ్ళీ వాడింది. మొదటి రోజుల్లో ప్రయత్నించిన ప్రతిసారీ పని చెడుతుంది, రెండో చేత్తో వెంటనే అవుతుంది. ఆ అనుభవం వల్ల మెదడు ఆ చేతిని వాడకపోవడాన్ని ఒక అలవాటుగా నేర్చుకుంటుంది. మన ఇళ్ళలో ఆ అలవాటుకు ప్రేమ కూడా తోడవుతుందని నా అభిప్రాయం: కొడుకు చొక్కా తొడుగుతాడు, కోడలు గ్లాసు నోటికి అందిస్తుంది, ఇక ఆ చేతికి చేయవలసిన పనే మిగలదు. టాబ్ రూపొందించిన చికిత్సలో బాగున్న చేతికి మందపాటి తొడుగు వేసి, బలహీనమైన చేత్తోనే పనులు చేయిస్తారు. 222 మంది రోగులతో జరిగి 2006లో ఫలితాలు వెలువడిన ఎక్సైట్ పరిశోధనలో, ఆ తొడుగును రెండు వారాలపాటు మేల్కొని ఉన్న సమయంలో ఎక్కువ భాగం ధరించినవారి చేతి వాడకం, మామూలు సంరక్షణ పొందినవారి కంటే మెరుగుపడింది.

ఆ వాడకాన్ని అక్కడ ప్రధానంగా ప్రశ్నలు అడిగి తెలుసుకున్నారు. లైటు స్విచ్ వేయడానికి ఈ చేతిని ఎంత వాడారు, ఎంత బాగా వాడారు అని అడిగి 0 నుంచి 5 వరకు అంకె వేస్తారు. కానీ నిన్న ఏ చేత్తో గడియ తీశామో మనలో ఎవరికి గుర్తుంటుంది? అందుకే రెండు మణికట్లకూ గడియారంలాంటి పట్టీలు కట్టే పద్ధతి వచ్చింది. పట్టీలోని యాక్సెలరోమీటర్‌లో సన్నని సిలికాన్ స్ప్రింగుల మీద వేలాడే అతి చిన్న దిమ్మె ఉంటుంది; చేయి కదిలితే అది పక్కకు జరుగుతుంది, ఆ జరుగుడు విద్యుత్ సంకేతంగా నమోదవుతుంది. ఆరోగ్యవంతులైన పెద్దవారిలో వాటం చేయి రోజుకు సుమారు 9 గంటలు, రెండోది సుమారు 8.6 గంటలు కదులుతుందనీ, రెండింటి నిష్పత్తి దాదాపు 0.95 అనీ సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో కేథరిన్ లాంగ్ బృందం కొలిచింది. కుడిచేతి వాటం అని మనం ఎంత అనుకున్నా, ఎడమచేయి పట్టుకుంటూ, ఆనుస్తూ, ఆపుతూ దాదాపు అంతే శ్రమపడుతోందన్నమాట.

అదే బృందం 2016లో ప్రచురించిన పరిశోధనలో 85 మంది రోగుల చేత వేర్వేరు మోతాదుల్లో, కొందరి చేత 9,600 సార్లు, చేతి పనులను సాధన చేయించింది. పరీక్షలో మార్కులు కొంత పెరిగాయి. అయితే పట్టీల లెక్కలను విశ్లేషించి 2017లో చెప్పిన విషయం చికిత్సకులను కలవరపెట్టేదే: నిత్యజీవితంలో ఆ చేతి వాడకం పెరగలేదు. స్ట్రోక్ వచ్చిన 3 నుంచి 6 వారాలకే రోజువారీ వాడకం ఒక స్థాయికి చేరి దాదాపు అక్కడే నిలిచిపోతుందని ఆ తర్వాతి అధ్యయనం చూపింది. ఇంటికి వచ్చిన తొలి వారాలు ఎంత విలువైనవో ఇంతకంటే గట్టిగా చెప్పే అంకె నాకు కనబడలేదు.

పట్టీ చెప్పే లెక్కనూ జాగ్రత్తగా చదవాలి. రోగి రోజంతా కుర్చీలోనే ఉండి రెండు చేతులూ కదపకపోయినా నిష్పత్తి బాగానే కనబడవచ్చు కనుక గంటలను కూడా చూడాలి. నడకలో ఊగే చేయి కూడా పని చేసినట్టే నమోదవుతుంది. అందుకని జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ముంజేయి నేలకు సమాంతరంగా, అటూఇటూ 30 డిగ్రీల లోపు ఉన్నప్పటి పెద్ద కదలికలను మాత్రమే లెక్కించే పద్ధతిని తయారుచేశారు. వేళ్ళ సంగతి ఇంకా కష్టం. అన్నంలో పప్పు కలిపి ముద్ద చేసే నేర్పంతా వేళ్ళదే, మణికట్టుకు అందులో వాటా తక్కువ. అర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చూపుడు వేలికి అయస్కాంతపు ఉంగరం తొడిగి, మణికట్టు పట్టీలోని సెన్సర్లతో వేళ్ళ కదలికను పట్టుకునే పరికరాన్ని రూపొందించారు. మన దగ్గర అలాంటిది వాడవలసి వస్తే మొదట తేల్చుకోవలసిన సంగతి చిన్నదే: చేత్తో తినేవాళ్ళు భోజనానికి కూర్చునేముందు ఉంగరాన్ని తీసి పక్కన పెడితే, ఆ వేళ్ళు రోజు మొత్తంలో చేసే అన్నిటికంటే నేర్పైన పని లెక్కలోకి రాకుండా పోతుంది.