ఖాళీగా ఉన్నానన్న ప్రాసెసర్

మోటారును నడిపే బోర్డులో ఒక కంట్రోల్ టాస్క్ (మోటారును అదుపుచేసే ప్రోగ్రామ్ భాగం) ప్రతి మిల్లీసెకనుకూ లేచి, 300 మైక్రోసెకన్లు పనిచేసి పడుకుంటుందనుకోండి. ప్రాసెసర్ (సీపీయూ) సమయంలో 30 శాతం దానిదే. అయినా ఏ టాస్క్ ఎంత శాతం సీపీయూ వాడిందో చూపే పట్టికలో దాని ఎదురుగా 0 కనబడవచ్చు. బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో మాతో పనిచేసే అనంతపురం కుర్రాడు అడిగింది దీని గురించే: "అన్నా, సీపీయూ అంతా ఖాళీ అంటోంది. మరి సీరియల్ డేటా ఎందుకు పోతోంది?"

ఖాళీగా ఏమీ లేదు. లెక్కే తప్పు.

చాలా కెర్నళ్లలో, అంటే టాస్కులకు ప్రాసెసర్‌ను పంచే మూల సాఫ్ట్‌వేర్లలో, లెక్క రాసేది టైమర్ టిక్: ఇక్కడైతే మిల్లీసెకనుకోసారి కొట్టే గడియారపు సంకేతం. అది కొట్టిన క్షణాన ఏ టాస్క్ నడుస్తుంటే మిల్లీసెకను మొత్తం దాని ఖాతాలో పడుతుంది. గంటకోసారి తొంగిచూసి, పార ఎవరి చేతిలో ఉంటే వాళ్లకే గంట కూలీ రాసే మేస్త్రీ పద్ధతి ఇది. పనులు టిక్‌తో సంబంధం లేకుండా నడిస్తే పొరపాట్లు క్రమంగా సర్దుకుంటాయి. ఇక్కడ టాస్కును నిద్రలేపేదే టిక్. అది కొట్టేటప్పటికి నడుస్తున్నది ఐడిల్ టాస్క్ (వేరే పనేదీ లేనప్పుడు నడిచేది) కాబట్టి మిల్లీసెకను దానికి పోతుంది. కంట్రోల్ టాస్క్ ఆ తర్వాత లేచి, మరో టిక్ రాకముందే ముగించేస్తుంది. రోజంతా చూసినా సున్నాయే. ఈ సందులోంచే మామూలు యూజర్ కూడా ప్రాసెసర్‌ను గుట్టుగా ఆక్రమించవచ్చని త్సఫ్రిర్, ఎట్సియన్, ఫైటెల్సన్ అనే పరిశోధకులు 2007లో చూపించారు.

అనుమానం తీరాలంటే టాస్క్ సీపీయూ ఎక్కగానే ఒక పిన్‌ను పైకి, దిగగానే కిందికి మార్చి, పిన్‌ల మార్పులను సమయంతో సహా చూపే లాజిక్ అనలైజర్‌లో చూడాలి. నాకు పట్టికకన్నా ఆ పల్స్ మీదే నమ్మకం. ఇంకో పరీక్ష నాకు మరీ ఇష్టం: వేరే టైమర్‌తో టాస్కును టిక్ తర్వాత 800 మైక్రోసెకన్లకు లేపండి. ఇప్పుడు ప్రతి టిక్కూ దాని మీదే పడుతుంది. పని పిసరంత పెరగకపోయినా 0 కాస్తా 100 అవుతుంది!

టాస్క్ మారిన ప్రతిసారీ వేగమైన హార్డ్‌వేర్ కౌంటర్ చదివి, తేడాను కూడటమే మందు. చిన్న బోర్డుల్లో వాడే కెర్నల్ ఫ్రీఆర్‌టీఓఎస్‌లో ఆ సదుపాయం ఉంది. అయితే 1 మెగాహెర్ట్జ్ కౌంటర్‌తో మొత్తాలను 32 బిట్లలో దాచితే సుమారు 71 నిమిషాలకే పొంగిపోతాయి. ఇంటరప్ట్‌ల (నడుస్తున్న టాస్కును ఆపి హార్డ్‌వేర్ చేయించుకునే పనుల) సమయాన్ని విడిగా తీయకపోతే, అవి వచ్చినప్పుడు నడుస్తున్న టాస్క్ నెత్తిన పడుతుంది.

ఇక సీరియల్ డేటా సంగతి. 115200 బాడ్ (సీరియల్ లైను వేగం) దగ్గర ఒక్కో బైటు సుమారు 87 మైక్రోసెకన్లకు వస్తుంది. ఒక్క బైటే పట్టే రిజిస్టరును తక్కువ ప్రాధాన్యమున్న టాస్క్ చదువుతుంటే, కంట్రోల్ టాస్క్ వల్ల కలిగే 300 మైక్రోసెకన్ల ఆలస్యంలో రెండు మూడు బైట్లు పోతాయి. ఆ చదివే పనిని ఇంటరప్ట్‌కో, ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటాను మెమరీకి చేర్చే డీఎంఏకో అప్పగించాలి.