న్యూకాసిల్‌కు బొగ్గు, కృష్ణపట్నానికి బొగ్గు

నెల్లూరు

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

అమ్మలూ, మొన్న నువ్వు ఫోనులో చదివి వినిపించిన ఇంగ్లీషు వ్యాసం బాగుంది. ఒక్కచోట మాత్రం నా మనసు ఆగిపోయింది. రాత్రంతా మేలుకొని వేసిన బొమ్మ వానకు తడిసి పాడైందని చెబుతూ, ‘క్యారీయింగ్ కోల్స్ టు న్యూకాసిల్’, అంటే న్యూకాసిల్‌కు బొగ్గు మోయడం, అని రాశావు. అక్కడ ఆ మాట నప్పదమ్మా. నీ కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది, అంతే. ఏ సరుకు ఎక్కడ కుప్పలుగా ఉందో అక్కడికే దాన్ని మోసుకుపోవడం న్యూకాసిల్ బొగ్గు.

ఆ ఊరు ఇంగ్లండు ఈశాన్యాన, టైన్ నది ఒడ్డున ఉంది. చుట్టుపక్కలంతా ఒకప్పుడు బొగ్గు గనులే. అక్కడ ఓడలకెక్కిన బొగ్గుతోనే లండన్‌లో వందల ఏళ్ళపాటు పొయ్యిలు వెలిగాయి. అలాంటి రేవుకు బొగ్గు తెచ్చి అమ్మబోతే కొనేదెవరు? 17వ శతాబ్దానికే అది సామెతైంది. ఆ ప్రాంతపు చివరి లోతు గనిని 2005లో మూసేశారు. సామెతను మాత్రం ఇప్పటికీ వాడుతున్నారు.

కృష్ణపట్నం రేవులో బొగ్గు గుట్టలు చూసి, ఇంత బొగ్గెందుకని అడిగారు గుర్తుందా? నేలటూరు థర్మల్ కేంద్రం లాంటివి నడవాలంటే బొగ్గు కావాలి. మన జిల్లాలో బొగ్గు గనులు లేవు. అందుకే కృష్ణపట్నానికి తెచ్చే బొగ్గు అక్కరకొచ్చే సరుకు, న్యూకాసిల్‌కు మోసే బొగ్గు దండుగ.

మనవైపు చెప్పాలంటే, నెల్లూరికి మొలగొలుకుల బియ్యం మోసినట్టు. నెల్లు అంటే వరి, ఊరి పేరులోనే ధాన్యముందని మా పెద్దలు చెప్పేవారు. నా చిన్నతనంలో ఒక చుట్టం మా ఇంటికి బియ్యం బస్తా తెచ్చాడు. “నెల్లూరికి బియ్యమా!” అని నేను పైకే అనేశాను. ఆయన ముఖం చిన్నబోయింది. ఆ రోజు మా అమ్మ ఆ బియ్యమే వండింది. ఈ సామెతలో కాస్త ఎగతాళి ఉంది. ప్రేమతో తెచ్చినవారి ఎదుట వాడకండి.

తాతకు దగ్గులు నేర్పడం కూడా ఇదే కదా అని తమ్ముడు అడుగుతాడు. కాదు నాన్నా. అది తెలిసినవాడికి చెప్పబోవడం, ఇది ఉన్నచోటికి మోయబోవడం.

గ్రానైటు గనులున్న చీమకుర్తికి గ్రానైటు రాయి మోయడం నా లెక్కలో ఇంకొకటి. ఇలాంటివి చెరొకటి ఆలోచించి రాసి పంపండి. ఎదురుచూస్తుంటాను.

మీ తాతయ్య