విడాల్ పాజిటివ్ అంటే టైఫాయిడ్ ఉన్నట్టేనా?

శ్రీకాకుళంలో బస్సు దిగి ఊరు చేరేలోపే ఎవరో ఒకరు మడతపెట్టిన కాగితం నా చేతిలో పెడతారు. టైఫాయిడ్ కోసం చేసే విడాల్ అనే రక్తపరీక్ష రిపోర్టు అది. ‘ఓ 1:160, హెచ్ 1:160’. కింద ఎర్ర ఇంకుతో ‘పాజిటివ్’. “టైఫాయిడ్ మళ్లీ తిరగబెట్టిందమ్మా, ఈ ఏడాదిలో ఇది మూడోసారి” అంటారు దిగులుగా. నేను వైద్యం చేసే డాక్టరును కాను. టైఫాయిడ్ బ్యాక్టీరియా మనల్ని కాపాడాల్సిన తెల్ల రక్తకణాల్లోనే ఎలా దాక్కుంటుందన్నది నా పరిశోధన. పదిహేనేళ్లుగా అదే పని. అందుకే ఆ కాగితం గురించి గట్టిగా చెప్పగలను.

అపోహ: విడాల్ పాజిటివ్ వస్తే ఒంట్లో టైఫాయిడ్ ఉన్నట్టే.

వాస్తవం: విడాల్ బ్యాక్టీరియాను వెతకదు, దాన్ని ఎదుర్కోవడానికి ఒళ్లు తయారు చేసుకునే యాంటీబాడీలను వెతుకుతుంది. గాజు పలక మీద సీరం (రక్తకణాలు తీసేశాక మిగిలే ద్రవం) చుక్క, దానిలో రంగు యాంటిజెన్ (చంపిన టైఫాయిడ్ బ్యాక్టీరియా) చుక్క కలిపి, ఒక నిమిషం అటూ ఇటూ వంచితే, యాంటీబాడీలు ఉన్నప్పుడు సన్నని ఇసుకలా రేణువులు కడతాయి. ఓ, హెచ్ అన్నవి ఆ బ్యాక్టీరియాలోని రెండు భాగాలు. 1:160 అంటే సీరాన్ని 160 రెట్లు పలచన చేసినా రేణువులు కట్టాయని. 1896లో పారిస్‌లో ఫెర్నాండ్ విడాల్ ఈ పద్ధతిని ప్రకటించినప్పుడు అది గొప్ప ముందడుగు. కానీ మన ప్రాంతంలో ఆ యాంటీబాడీలు ఎప్పుడో వచ్చిపోయిన జ్వరానివి కావచ్చు, టైఫాయిడ్ బ్యాక్టీరియాకు చుట్టమైన మరో రకం సాల్మొనెల్లావి కావచ్చు. మలేరియాలోనూ పాజిటివ్ రావచ్చు. పీహెచ్‌డీ మొదటి ఏడాది సాధన కోసం నా రక్తానికే విడాల్ చేసుకుంటే ఓ 1:80 వచ్చింది. అప్పుడు నాకు జ్వరమూ లేదు, నీరసమూ లేదు. మరోవైపు, నిజంగా టైఫాయిడ్ ఉన్నా మొదటి వారంలో నెగెటివ్ రావచ్చు.

మందులు వాడాక “తగ్గిందో లేదో” అని మళ్లీ విడాల్ చేయించడం ఇంకా పెద్ద పొరపాటు. జబ్బు నయమైనా యాంటీబాడీలు నెలల తరబడి ఉంటాయి. ఆ అంకె చూసి మరో కోర్సు మొదలుపెడతారు. మూడోసారి వచ్చిందంటున్న టైఫాయిడ్ చాలాసార్లు ఆ పాత అంకే.

ఉద్దానంలో ఉండే మా మేనత్తకు కార్తీకంలో జ్వరం పట్టుకుంది. విడాల్ పాజిటివ్ అన్నారు, ఐదు రోజులు ఇంజెక్షన్లు పొడిచారు. జ్వరం దిగలేదు. నేను వెళ్లేసరికి మనిషి మంచానికి అతుక్కుపోయి ఉంది. చీర మార్చుతుంటే నడుము దగ్గర, కుచ్చిళ్లు దోపే చోట, బీడీతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కనిపించింది. నొప్పి లేదు, దురద లేదు, అందుకే ఆమె ఎవరికీ చెప్పలేదు. జీడితోటలో ఎండుటాకులు ఊడ్చినప్పుడు చిగ్గర్ అనే కంటికి ఆనని పురుగు కుట్టిన గుర్తు అది. స్క్రబ్ టైఫస్! పేరు దగ్గరగా ఉన్నా అది టైఫాయిడ్ కాదు, ఆ పురుగు కాటుతో వేరే బ్యాక్టీరియా ఒంట్లోకి చేరితే వచ్చే జ్వరం. పెద్దాసుపత్రిలో ఎలీసా అనే రక్తపరీక్షతో నిర్ధారించి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. రెండు రోజుల్లో జ్వరం దిగింది. టైఫాయిడ్‌కు ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ ఈ బ్యాక్టీరియాను ఏమీ చేయలేదు. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్లు అనే యాంటీబయాటిక్‌ల కుటుంబానిది. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలువడింది మన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన సారథిగా ఉన్న లెడర్లే ప్రయోగశాల నుంచే. స్క్రబ్ టైఫస్‌లో వచ్చే ఆ నల్లటి పెచ్చు అందరిలో కనిపించదు, కానీ వెతకకపోతే ఎవరిలోనూ కనిపించదు.

అసలే కిడ్నీ జబ్బుతో నలిగిపోతున్న ఉద్దానంలో కిడ్నీలను దెబ్బతీయగల అమికాసిన్ ఇంజెక్షన్లు, నొప్పి మాత్రలు అక్కర్లేకుండా వాడితే ఏమవుతుందో తలచుకుంటేనే నాకు కోపం వస్తుంది.

మిగతా అపోహలు త్వరగా చెప్తాను. సెలైన్ బలం ఇవ్వదు, అది ఉప్పునీరు. నోటితో తాగగలిగితే గంజీ మజ్జిగా చాలు. టైఫాయిడ్ తగ్గాక నెలల తరబడి బ్రెడ్డే తినాలన్నది తప్పు, కోలుకునే మనిషికి పప్పు, గుడ్డు కావాలి. ఇమ్యూనిటీ పెంచే పొడుల మీద డబ్బు పోయకండి.

జ్వరం మూడు నాలుగు రోజులు దాటితే డాక్టరును ఒక్క మాట అడగండి: “యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు బ్లడ్ కల్చర్‌కు రక్తం తీస్తారా?” బ్లడ్ కల్చర్ అంటే రక్తంలో ఉన్న బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి చూడటం. అది కూడా టైఫాయిడ్ కేసులన్నిటినీ పట్టుకోదు, పదింటిలో సుమారు ఆరింటిని పడుతుంది. కానీ పట్టుకున్నప్పుడు బ్యాక్టీరియానే చూపిస్తుంది, ఏ మందుకు లొంగుతుందో కూడా చెబుతుంది. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. అందాకా మందు ఆపక్కర్లేదు, రక్తం తీసిన మరుక్షణమే మొదలుపెట్టవచ్చు.