కరిగాక చనిపోయే మూలకణాలు: ఈ చిక్కు ఎక్కడ మొదలైంది?

వేరే రకం కణాలుగా మారగల మూలకణాలను (స్టెమ్ సెల్స్) గడ్డకట్టించి దాచిన చిన్న వయల్‌ని మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లోంచి తీసి, 37 డిగ్రీల నీళ్లలో మెల్లగా తిప్పుతారు. లోపల కందిగింజంత మంచు మిగిలి ఉండగానే బయటికి తీసేస్తారు. మైక్రోస్కోప్‌లో మూలకణాలు నిక్షేపంగా కనిపిస్తాయి. తెల్లారి చూస్తే చాలామటుకు డిష్ అడుగున అంటుకోకుండా చచ్చి తేలుతుంటాయి.

కణాలను గడ్డకట్టించి బతికించే విద్య మలుపు తిరిగింది ఓ లేబుల్ పొరపాటుతో. 1949లో లండన్ మిల్ హిల్ పరిశోధన సంస్థలో క్రిస్టఫర్ పోల్జ్, ఆడ్రీ స్మిత్, అలన్ పార్క్స్ కోడిపుంజు వీర్యాన్ని కాపాడటానికి చక్కెర ద్రావణాలు వాడి విసిగిపోయారు. ఒక సీసాతో మాత్రం కణాలు కరిగాక మళ్లీ ఈదాయి. అడుగున మిగిలిన కాస్త ద్రవాన్ని పరీక్షిస్తే అందులో చక్కెరే లేదు! ఉన్నది గ్లిసరాల్, తెల్లసొనలోని ప్రోటీన్. పదేళ్లకు జేమ్స్ లవ్‌లాక్, బిషప్ కలిసి డీఎంఎస్‌ఓ అనే ద్రావకం కూడా ఇలాగే కాపాడుతుందని చూపించారు. మూలకణాలకు ఇప్పటికీ ఎక్కువగా వాడేది అదే, సాధారణంగా 10 శాతం. ఆ కణాలు ఎక్కించుకున్న రోగి ఊపిరి వెల్లుల్లి వాసన వేస్తుంది.

అసలు కణం ఎందుకు చస్తుందో విడమరిచి చెప్పింది పీటర్ మజుర్ అనే శాస్త్రవేత్త. మరీ నెమ్మదిగా చల్లబరిస్తే బయటి నీరు ముందు గడ్డకడుతుంది, మిగిలిన నీటిలో ఉప్పు చిక్కబడుతుంది, కణం ఎండి ముడుచుకుపోతుంది. మరీ వేగంగా చల్లబరిస్తే కణం లోపలే మంచు పుడుతుంది. నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబరచాలనే లెక్క ఈ రెంటి నడుమ దారే. రక్త మూలకణాలకు అది బాగానే నప్పింది.

1998లో జేమ్స్ థామ్సన్ మానవ పిండ మూలకణాలను పెంచాక ఆ లెక్క చాల్లేదు. ఇవి గుంపుగా బతికే కణాలు, విడదీస్తే చస్తాయి. 2007లో జపాన్‌లోని కోబేలో యోషికి ససాయి బృందం వై-27632 అనే మందు కలిపింది. విడదీసిన కణాల్లో మళ్లీ కాలనీ కట్టేవి సుమారు 1 శాతం నుంచి 27 శాతానికి పెరిగాయి. ఈ మందు ఆపేది మంచును కాదు, కణం తనను తాను చంపుకునే సంకేతాన్ని. కరిగించాక మొదటి రోజు దీన్ని వాడటం ల్యాబుల్లో అలవాటైంది.

అందుకే కరిగించిన పది నిమిషాలకే నీలిరంగు వేసి లెక్కపెట్టి, ఇన్ని బతికాయని రాసుకోవడం నాకు మింగుడుపడదు. ఆ రంగు చెప్పేది కణం పొర చిరిగిందా లేదా అన్నదొక్కటే, మర్నాటికి కణం బతికి ఉంటుందా అన్నది కాదు. సొంత మూలకణాలను దాచుకున్న క్యాన్సర్ రోగికి వాటిని ఎక్కించే వేళకి, భారీ కీమోతో ఎముక మజ్జ అప్పటికే పోయి ఉంటుంది. లెక్క తప్పని అప్పుడు తెలిస్తే ఆలస్యమైనట్టే.