రాజీనామా ఆలోచన లెక్కలోకి ఇల్లు ఎలా వచ్చింది?

ఉద్యోగి మానేస్తానని చెప్పగానే ఎక్కువ జీతం ఎక్కడ దొరికిందోనని యాజమాన్యాలు ఆరా తీయడం పాత అలవాటు. 1913లో అమెరికాలోని ఫోర్డ్ కార్ల కర్మాగారంలో ఎంతమంది మానేసేవారంటే, మొత్తం సిబ్బందికి మూడు రెట్లకు మించి కొత్తవారిని ఆ ఏడాది చేర్చుకోవలసి వచ్చింది. 1914 జనవరిలో సంస్థ రోజుకు 5 డాలర్ల ఆదాయాన్ని ప్రకటించి, పనివేళలను 9 గంటల నుంచి 8కి తగ్గించాక మానేసేవారు బాగా తగ్గారు. లోకానికి మాత్రం ఆ 5 డాలర్లే గుర్తున్నాయి, ఇంటికి మిగిలిన ఆ గంట గుర్తులేదు.

పరిశోధకులూ చాలాకాలం పనిచోటునే చూశారు. వెళ్లిపోవాలన్న కోరిక, వేరే పని దొరికే వీలు, ఈ రెండూ కలిస్తేనే ఉద్యోగి కదులుతాడని 1958లో జేమ్స్ మార్చ్, హెర్బర్ట్ సైమన్ వివరించారు. అసంతృప్తికీ రాజీనామాకూ నడుమ మానేసే ఆలోచన, వెతుకులాట, బేరీజు, చివరికి ఉద్దేశం అనే మెట్లు ఉంటాయని 1977లో విలియం మోబ్లీ చూపడంతో, మనిషి ఇంకా ఉద్యోగంలో ఉండగానే ఆ ఉద్దేశాన్ని కొలవడంపై శ్రద్ధ పెరిగింది.

ఇంటిని ఈ చర్చలోకి గట్టిగా తెచ్చినది 1985లో జెఫ్రీ గ్రీన్‌హాస్, నికొలస్ బ్యూటెల్ రాసిన వ్యాసమని చెప్పవచ్చు. పనికీ కుటుంబానికీ ఘర్షణ సమయం వల్ల, ఒత్తిడి వల్ల, ప్రవర్తన వల్ల వస్తుందని వారు విడదీశారు. నా దృష్టిలో రెండోదే లోతైనది. వేళకే ఇల్లు చేరిన తండ్రి, కూతురు ఒకే ప్రశ్నను మూడుసార్లు అడిగినా వినిపించుకోలేనంతగా సాయంత్రపు సమావేశంలోనే ఉండిపోతే, అక్కడ గంటలకు లోటు లేదు, మనసుకే తీరిక లేదు. ఇలాంటి అలసట పేరుకున్నకొద్దీ మానేయాలనే ఆలోచన బలపడుతుందని తర్వాతి అధ్యయనాలు పదేపదే చూపాయి. పనివేళలపై కాస్త అదుపు, ఇంటి అవసరాన్ని అర్థం చేసుకునే పై అధికారి ఉన్నచోట అది తగ్గుతున్నట్లు కూడా తేలింది.

ఫోన్లు ఆఫీసును ఇంటిలోకే తెచ్చాక, పనివేళల తర్వాత అందుబాటులో లేకుండా ఉండే హక్కును 2017 నుంచి ఫ్రాన్స్ చట్టంలో చేర్చింది. అయినా రాజీనామాల సంఖ్యను మాత్రమే చూసే సంస్థకు ఈ సమస్యలో సగమే కనిపిస్తుంది. మార్చ్, సైమన్ చెప్పిన రెండో షరతు, అంటే మరో పని దొరికే వీలు, లేనివారు వెళ్లిపోవాలని రోజూ అనుకుంటూనే అక్కడే పనిచేస్తుంటారు.